దిగే వీలున్న రైలు

మే నెల వచ్చిందంటే స్విట్జర్లాండ్‌లో ఉన్న తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఫోన్లు మోగడం మొదలవుతుంది. పిల్లల పరీక్షలు అయిపోయాయి, వీసా వచ్చేసింది, ఫలానా తారీకున దిగుతున్నామని కబురు. ఆ వెంటనే అడిగే మాట దాదాపు అందరిదీ ఒకటే: "గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ టికెట్లు ఇప్పుడే చేయించెయ్యాలా?" పైకప్పు దాకా వంగిన అద్దాలు, వెనక మంచుకొండ, ఎర్ర పెట్టెలు. ఆ ఫోటో వాళ్ళు హైదరాబాదులోనో రాజమండ్రిలోనో చూసే ఉంటారు. అది ఎక్కకపోతే ఇంత దూరం వచ్చి ఏం లాభం అని వాళ్ళ బెంగ.

జ్యూరిక్ దగ్గర కాపురం పెట్టాక ఇలాంటి విహార రైళ్ళూ, మామూలు రైళ్ళూ రెండూ ఎక్కాను, వచ్చినవాళ్ళని ఎక్కించాను. ఇప్పుడు నా సలహా ఒకటే. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ మామూలు రైలే ఎక్కండి. డబ్బు మిగులుతుంది, నిజమే, కానీ అసలు కారణం వేరే ఉంది. మామూలు రైల్లోంచి దిగొచ్చు. నచ్చిన చోట దిగి, ఉండాలనిపించినంత సేపు ఉండి, వెనకొచ్చే బండి ఎక్కొచ్చు. సెలవు పెట్టుకుని వచ్చిన మనిషికి అంతకన్నా భోగం ఏముంటుందో నాకు తెలీదు.

విహార రైలును తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ జెర్మాట్ నించి సెయింట్ మోరిట్జ్ దాకా 291 కిలోమీటర్లు, దాదాపు ఎనిమిది గంటలు నడుస్తుంది. దారిలో 91 సొరంగాలు, 291 వంతెనలు. మధ్యలో ఒబరాల్ప్ కనుమ దగ్గర 2,033 మీటర్ల ఎత్తుకి ఎక్కుతుంది. 1930లో మొదలైన బండి ఇది. సీటు దగ్గరికే వేడి భోజనం తెస్తారు, చెవిలో పెట్టుకున్న పరికరంలోంచి దారి పొడుగునా ఊళ్ళ కథలు వినిపిస్తాయి. కిటికీ అంత పెద్దది మామూలు రైల్లో ఉండదు.

కానీ ఆ రైలుకి సొంత పట్టాలంటూ లేవు. బడిపిల్లలు, నర్సులు, కూలిపనికి వెళ్ళేవాళ్ళు ఎక్కే మామూలు బళ్ళు తిరిగే పట్టాల మీదే అదీ తిరుగుతుంది. లోయ అదే, వంతెన అదే, మంచు అదే. టికెట్టు కూడా అదే. ఆ పైన సీటు రిజర్వేషన్‌కి వేసవిలో మనిషికి సుమారు 50 ఫ్రాంకులు పడుతుంది. దేశమంతా తిరగనిచ్చే స్విస్ ట్రావెల్ పాస్ కొనుక్కుని వచ్చినవాళ్ళూ ఆ రుసుం విడిగా కట్టుకోవాల్సిందే. నలుగురున్న కుటుంబానికి ఒక్కపూట కూర్చోడానికి 200 ఫ్రాంకులు. ఆ డబ్బుతో మామూలు రైళ్ళల్లో తిరుగుతూ ఇంకో రాత్రి కొండల్లో ఉండొచ్చని నేను చెబుతాను.

ఆ రైలుకి పేరు తెచ్చిన హిమానీనదం మాట కూడా చెప్పాలి. అది రోన్ హిమానీనదం. ఒకప్పుడు రైలు ఫుర్కా కనుమ మీదుగా, దాని ఎదుట నించే వెళ్ళేది. ఆ దారి వేసవిలోనే నడిచేది. మంచు చరియలు విరిగిపడి కొట్టుకుపోతుందని ఒక ఇనుప వంతెనని ఏటా చలికాలం ముందు మడిచి పెట్టేసేవాళ్ళు. 1982లో కొండ కింద 15 కిలోమీటర్లకు పైగా పొడవున్న సొరంగం తెరిచారు. దాని పుణ్యమా అని ఆ దారిలో రైళ్ళు ఏడాది పొడుగునా నడుస్తున్నాయి. ఊళ్ళకి అది ఎంతో మేలు. అయితే అప్పటినించీ గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్‌లో కూర్చున్నవాళ్ళకి ఆ హిమానీనదం కనపడదు, చీకట్లో దాటేస్తారు.

పైనున్న పాత లైను పాడుపడిపోకుండా రైలంటే ప్రాణమిచ్చే స్వచ్ఛంద కార్యకర్తలు దాన్ని ముక్కముక్కగా బాగుచేసుకుంటూ వచ్చారు. 2010 నించి రియాల్ప్, ఓబర్‌వాల్డ్ ఊళ్ళ మధ్య మొత్తం దారి మీద వేసవిలో ఆవిరి బండి తిరుగుతోంది. టికెట్లు చూసేవాళ్ళు, బొగ్గు వేసేవాళ్ళు, పట్టాలు చూసుకునేవాళ్ళలో చాలామంది జీతం లేకుండా, సెలవు రోజుల్లో వచ్చి పనిచేసేవాళ్ళే. ఆ బండి ఎక్కాలంటే మామూలు రైల్లో వచ్చి రియాల్ప్‌లో దిగాలి. చిన్న స్టేషన్, పక్కనే కొండవాగు. విహార రైలు అక్కడ ఆగదు.

మామూలు రైలు విలువ నాకు బాగా తెలిసింది మాత్రం బెర్నీనా లైను మీద, మా అత్తయ్యగారితో మావయ్యగారితో వెళ్ళినప్పుడు. మావయ్యగారు వాల్తేరు డివిజన్‌లో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యారు. కొత్తవలస-కిరండూల్ లైను మీద ఇనుపరాయి బళ్ళ వెనక, బ్రేక్ వ్యాన్‌లో కూర్చునే ఆయన ఉద్యోగంలో సగం గడిచింది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా. ఆ స్టేషన్ల పేర్లు మా ఇంట్లో చుట్టాల పేర్లంత తరచుగా వినిపిస్తాయి.

సెయింట్ మోరిట్జ్ నించి ఇటలీలోని తిరానోకి గంటకో మామూలు రైలు ఉంటుంది. రెండున్నర గంటల లోపు ప్రయాణం, రిజర్వేషన్ అక్కర్లేదు. ఒస్పీజియో బెర్నీనా స్టేషన్ దగ్గర 2,253 మీటర్లకి ఎక్కి, తిరానో దగ్గర 429 మీటర్లకి దిగుతుంది. 1910లో పూర్తయిన ఈ లైనునీ, దీన్ని కలిసే ఆల్బులా లైనునీ యునెస్కో 2008లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాలు కొన్నిచోట్ల నూటికి ఏడు. అంత వాలులో సాధారణంగా పట్టాల మధ్య పళ్ళపట్టా ఒకటి వేసి, ఇంజను కింద పళ్ళచక్రం దాన్ని పట్టుకుని ఎక్కేలా చేస్తారు. ఇక్కడ అదేం లేదు. మామూలు పట్టా మీద మామూలు చక్రమే.

ఆ సంగతి చెప్పగానే మావయ్యగారు వేళ్ళ మీద లెక్క వేసుకున్నారు. "పద్నాలుగుకి ఒకటి తల్లీ! మా ఘాట్‌లో అరవైకి ఒకటి. దానికే ఇంజను మీద ఇంజను కట్టీవోళ్ళం. ఇదేటి, ఇలాగెక్కేస్తంది?" ఆ తర్వాత ఆయనే సమాధానం వెతుక్కున్నారు. వేల టన్నుల ఇనుపరాయి లాగే పని ఈ బండికి లేదు, పెట్టెలు తేలిక, లాగే పెట్టెల్లో ఒక్కో ఇరుసుకీ మోటారు. పాత పెట్టె కావడంతో కిటికీ పై భాగం కిందికి దిగుతుంది. దాన్ని దించి, చలిగాలి మొహాన కొడుతున్నా లెక్కచెయ్యకుండా, మలుపుల్లో చక్రం అంచు పట్టాకి రాసుకుని కీచుమనే చప్పుడు వింటూ కూర్చున్నారు. ఎక్కడ బండి వేగం తగ్గుతుందో ముందే చెప్పేస్తున్నారు. అత్తయ్యగారు శాలువా తల చుట్టూ కప్పుకుని "ఆ కిటికీ ముయ్యండీ" అంటూనే ఉన్నారు.

విహార రైల్లో అయితే ఈ చప్పుడు లేదు. అద్దం బాగా పెద్దది, కానీ తెరుచుకోదు. లోపలి మనుషుల నీడలు అద్దంలో పడి ఫోటోలు కూడా సరిగ్గా రావు. కొండ కళ్ళకి మాత్రమే దక్కుతుంది. ముప్పై ఏళ్ళు రైలుని చెవితో తెలుసుకున్న మనిషికి అది ఎంత లోటో ఆయన పక్కన కూర్చున్నాకే నాకు అర్థమైంది.

ఆల్ప్ గ్రూమ్ దగ్గర దిగాం. 2,091 మీటర్ల ఎత్తున రాతి స్టేషన్, దాన్లోనే చిన్న హోటలు. అక్కడికి కార్లు వచ్చే రోడ్డు లేదు. రైలెక్కి రావాలి, లేదా నడిచి రావాలి. ఎదురుగా పాల్యూ హిమానీనదం, కింద ఎక్కడో అడుగున పొస్కియావో లోయ. ఈ లైను మీద తిరిగే విహార రైలు కూడా ఇక్కడ కాసేపు ఆగుతుంది. దిగినవాళ్ళు గబగబా ఫోటోలు తీసుకుని, పిల్లల్ని పిలుచుకుని, మళ్ళీ పెట్టెల్లోకి పరుగెడతారు. మాకు ఆ తొందర లేదు. తరువాతి బండి గంటలో ఉంది, అది పోతే ఇంకో గంటలో ఇంకోటి. అత్తయ్యగారు బల్ల మీద పులిహోర డబ్బా విప్పారు. మావయ్యగారు ప్లాట్‌ఫారం చివరికి వెళ్ళి నిలబడ్డారు. కింద చెట్ల మధ్యలోంచి ఒక రైలు తల బయటపెట్టి, మెలిక తిరిగి, వచ్చిన దిక్కుకే మళ్ళీ తిరిగి, ప్రతిసారీ ఇంకాస్త పైన కనిపిస్తూ ఎక్కుతోంది. ఆ లైను వేసినవాళ్ళు కొండకి ఎక్కడ లొంగారో, ఎక్కడ దాన్ని లొంగదీసుకున్నారో ఆయన వేలితో గాల్లో గీసి చూపించారు. ఒక బండి వచ్చి వెళ్ళిపోయింది. ఆయన కదల్లేదు, మేమూ అడగలేదు.

అక్కడినించి కిందికి వెళ్ళే దారిలో రైలు స్వభావం మారిపోతుంది. పైన జర్మన్‌లో వినిపించిన ప్రకటనలు ఇటాలియన్‌లోకి మారతాయి. పొస్కియావోలో బడిపిల్లలు సంచులతో ఎక్కి, కిటికీ వైపు ఒక్కసారి కూడా చూడకుండా కబుర్లు చెప్పుకుని రెండు స్టేషన్ల అవతల దిగిపోతారు. చిన్న ఊళ్ళల్లో మీట నొక్కితేనే బండి ఆగుతుంది. లె ప్రేసే అనే ఊళ్ళో రైలు రోడ్డు మధ్యకి వచ్చేస్తుంది, కార్లు పక్కకి తప్పుకుంటాయి. బ్రూసియోలో తొమ్మిది కమానుల వంతెన మీద గుండ్రంగా తిరిగి, తన వంతెన కిందినించే తాను దూరి బయటికొస్తుంది. తిరానోలో దిగి, బక్‌వీట్ పిండితో చేసిన పిజ్జొక్కేరి తిన్నాం. ఆలుగడ్డ, క్యాబేజీ, బోలెడంత చీజు వేసి చేస్తారు, మాంసం ఉండదు. శాకాహారులైన పెద్దవాళ్ళని ఈ దేశాల్లో తిప్పేవాళ్ళకి అలాంటి వంటకం దొరికితే ప్రాణం లేచొస్తుంది.

జూలై, ఆగస్టు నెలల్లో అయితే ఇదే లైను మీద కొన్ని మామూలు రైళ్ళకి పసుపురంగు బోగీలు తగిలిస్తారు. వాటికి పైకప్పే ఉండదు, చెక్క బల్లలు మాత్రమే. సొరంగంలోకి దూరగానే చలికి ఒళ్ళు జివ్వుమంటుంది, చప్పుడుకి పక్కవాళ్ళ మాట వినపడదు. పదేళ్ళ పిల్లలున్న ఇంటివాళ్ళకి నేను మొట్టమొదట చెప్పేది ఆ బోగీల గురించే.

ఈ స్వేచ్ఛ గాల్లోంచి ఊడిపడలేదు. 1982లో స్విస్ రైల్వేలు దేశమంతటా గంట గంటకీ అదే నిమిషానికి బండి వచ్చే టైంటేబుల్ పెట్టాయి. ఇప్పుడు తొమ్మిదీ ఇరవైకి ఉందంటే పదీ ఇరవైకీ ఉంటుంది, పదకొండూ ఇరవైకీ ఉంటుంది. పెద్ద స్టేషన్లలో బళ్ళన్నీ కాస్త అటూ ఇటూగా ఒకే సమయానికి వచ్చి, మనుషుల్ని మార్చుకుని, మళ్ళీ విడిపోతాయి. ప్లాట్‌ఫారాల మీద బయల్దేరే బళ్ళ వేళలు పసుపు కాగితం మీద ఉంటాయి. ఆ పసుపు కాగితం చదవడం పెద్దవాళ్ళకి కూడా ఒక్కపూటలో వచ్చేస్తుంది. దిగితే చిక్కుకుపోతామన్న భయం పోతే తప్ప మనిషి ఎక్కడా దిగడు. ఆ భయాన్ని టైంటేబుల్ తీసేసింది.

గోట్‌హార్డ్ పాత లైను కూడా అలాంటిదే. 2016లో కొండ అడుగున 57 కిలోమీటర్ల కొత్త సొరంగం వచ్చాక ఇటలీ వైపు వేగంగా వెళ్ళే రైళ్ళన్నీ అటు మళ్ళాయి. 1882 నాటి పాత దారి మీద ట్రెనో గొట్టార్డో అనే మామూలు రైలు నడుస్తోంది. కొండ ఎక్కడానికి లైను లోపల్లోపల మెలికలు తిరగడం వల్ల, వాసెన్ ఊరి తెల్ల చర్చి మూడుసార్లు కనిపిస్తుంది: ఒకసారి తలెత్తి చూడాలి, ఒకసారి కళ్ళెదుటే, ఒకసారి కాళ్ళ కింద. ఇదే దారిలో గోట్‌హార్డ్ పనోరమా ఎక్స్‌ప్రెస్ అని విహార రైలు ఉంది. ఫస్టు క్లాసే, పైన అదనపు రుసుం. చర్చి రెండింట్లోనూ మూడుసార్లే కనపడుతుంది.

మామూలు రైలు ఎక్కినవాళ్ళు ఈ పాత దారిలోని సొరంగం దాటగానే ఐరోలోలో దిగండి. స్టేషన్ దగ్గరే ఒక కంచు శిల్పం ఉంది. చనిపోయిన తోటివాణ్ణి కూలీలు మోసుకెళ్తున్న దృశ్యం. విన్చెంజో వేలా చెక్కిన దానికి కంచు పోత అది. ఆ సొరంగం తవ్వుతూ దాదాపు 200 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఇటలీ నించి పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్ళు. పరాయి దేశంలో పని చేసుకుని బతుకుతున్నవాళ్ళం కాబట్టేమో, మావాళ్ళు ఎవరొచ్చినా అక్కడికి తీసుకెళ్తాను. ఈ అందాలన్నిటికీ దారి వేసినవాళ్ళ ముందు ఐదు నిమిషాలు నిలబడాలనిపిస్తుంది. ఆదివారం సాయంత్రమైతే తిరుగు రైల్లో కుర్రసైనికులు తుపాకులు పక్కన పెట్టుకుని శిబిరాలకి వెళ్తూ కనిపిస్తారు. పెద్దవాళ్ళు మొదట కంగారుపడతారు. ఇక్కడ కుర్రాళ్ళకి సైనిక శిక్షణ తప్పనిసరి అని చెబితే, ఆ పిల్లల వంక జాలిగా చూస్తారు.

మన దగ్గర కూడా ఇదే తర్కం వర్తిస్తుందా అని మావయ్యగారితో చాలాసార్లు మాట్లాడుకున్నాం. 2017లో విశాఖ నించి అరకు వెళ్ళే కిరండూల్ పాసింజరుకి విస్టాడోమ్ పెట్టె తగిలించారు. అద్దాల పైకప్పు, తిరిగే కుర్చీలు. ఇంజను అదే, 58 సొరంగాలూ అవే. దానికీ వెనక జనరల్ పెట్టెకీ టికెట్టులో పోలికే లేదు. అక్కడ మాత్రం దిగే స్వేచ్ఛ గురించి నేను ఇంత గట్టిగా చెప్పలేను. ఆ లైనుకి ఇనుపరాయే అసలు పని, మనుషుల బళ్ళు చాలా తక్కువ. బొర్రాలో దిగితే ముందుకి వెళ్ళడానికి ఆటోనో బస్సో చూసుకోవాలి. అయినా నేను జనరల్ పెట్టెలోనే వెళ్తాను. శృంగవరపుకోటలో ఎక్కే జనం, అనాసపళ్ళ బుట్టలు, అడ్డాకుల కట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చే గిరిజన స్త్రీలు, వాళ్ళ మాటలు. అరకు అంటే కొండలూ లోయలూ మాత్రమే కాదు కదా, ఆ మనుషులు కూడా. అద్దాల పెట్టెలో వెళ్తే వాళ్ళతో పరిచయమే కాదు. మన రైల్వేలు ఆ పెట్టెకి ఖర్చుపెట్టినట్టే, ఆ ఘాట్‌లో పగటిపూట ఇంకో రెండు పాసింజర్లు నడిపితే ఊళ్ళవాళ్ళకీ చూడవచ్చినవాళ్ళకీ ఎంత బాగుంటుందో.

విహార రైలు ఎవరికి? మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి. జెర్మాట్ నించి సెయింట్ మోరిట్జ్‌కి మామూలు బళ్ళల్లో వెళ్ళాలంటే ఆండర్‌మాట్, డిసెంటిస్ లాంటి చోట్ల మారాలి. మారడానికి కొన్నిచోట్ల ఐదారు నిమిషాలే ఉంటుంది. పెద్ద పెట్టెలతో, పెద్దవాళ్ళతో ఆ పరుగు మంచిది కాదు. చలికాలం శనాదివారాల్లో మామూలు రైళ్ళు స్కీలు పట్టుకున్నవాళ్ళతో నిండిపోతాయి, సీటు దొరక్కపోవచ్చు. మా అమ్మ వచ్చినప్పుడు గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్సే ఎక్కించాను. ఎక్కడా లేవకుండా, ఎవర్నీ అడగకుండా, తన సీట్లో తను కూర్చుని రైన్ నది తెల్లకొండల మధ్య కోసుకుంటూ వెళ్ళే లోయని అద్దంలోంచి చూసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ ఎనిమిది గంటలకి పెట్టిన ప్రతి ఫ్రాంకూ సార్థకమే. ఓపికని బట్టి ఎంచుకోవాలి గాని, ఫోటోని బట్టి కాదు.

ఎంచుకున్నాక కొన్ని జాగ్రత్తలు. బరువు పెట్టెల్ని స్టేషన్ నించి స్టేషన్‌కి విడిగా పంపే సదుపాయం ఉంది, వాడుకోండి. సెయింట్ మోరిట్జ్ నించి తిరానో వైపు వెళ్ళేటప్పుడు కుడిపక్క కూర్చోండి, హిమానీనదమూ, కనుమ మీది సరస్సూ అటే ఉంటాయి. నెలపాటు సగం చార్జీకి తిరగనిచ్చే కార్డు సందర్శకులకీ ఇస్తారు. కొద్దిరోజులే తిరిగేవాళ్ళు పాస్‌తో పోల్చి లెక్కవేసుకోవాలి. తల్లిదండ్రుల దగ్గర స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే పదహారేళ్ళలోపు పిల్లలకి వాళ్ళతోపాటు టికెట్టు అక్కర్లేదు, ఫ్యామిలీ కార్డు అడిగి తీసుకోవాలి. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ మీద మరీ మనసుపడితే మొత్తం దారికి కొనక్కర్లేదు, ఒక ముక్కకి కూడా టికెట్టు ఇస్తారు.

ఈ వేసవికి పిన్నీ బాబాయీ వస్తున్నారు. వాళ్ళకి అలాగే ఏర్పాటు చేశాను. జెర్మాట్ నించి చూర్ దాకా గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్, పిన్ని సరదా తీరుతుంది. చూర్‌లో రాత్రి పడుకుని, మర్నాడు సెయింట్ మోరిట్జ్‌కి మామూలు బండి. దారిలో ఫిలిసూర్‌లో దిగమన్నాను. అక్కడ లాండ్‌వాసర్ వంతెన ఉంది, 65 మీటర్ల ఎత్తు, ఆరు కమానులు. వంపు తిరిగి తిన్నగా కొండగోడలోని సొరంగంలోకి దూరిపోతుంది. పైన రైల్లో ఉన్నవాళ్ళకి దాని కమానులు ఒక్క క్షణం వంపులో కనపడి మాయమవుతాయి. స్టేషన్ నించి అడవిలో నడక దారి ఉంది, అరగంటకి కాస్త అటూ ఇటూ. కింద నదిపక్కన నిలబడితే పైన ఒకదాని తర్వాత ఒకటి రైళ్ళు పోతూనే ఉంటాయి. బాబాయి అప్పుడే టైంటేబుల్ తీసి, ఫిలిసూర్‌లో ఒక గంట చాలదు, రెండు బళ్ళు వదిలేద్దాం అంటున్నాడు.